మయ్యత్ మీద ముప్పై శాతం కసూర్



మా ఖాలా పెద్ద కొడుకు ఇంతెకాల్ అయ్యి మూడేళ్లు దాటింది. పోయిన నెల ట్రిబ్యునల్ ఫైసలా వచ్చింది. లారీ వెనక నుంచి వచ్చి గుద్దిన మాట నిజమేనట. లారీ డ్రైవర్ బేపర్వాగా నడిపిన మాటా నిజమేనట. కానీ చనిపోయినవాడి కసూర్ కూడా 30 శాతం ఉందట. అందుకని పరిహారంలో 30 శాతం కోత.

ఆ కాగితాలు నా చేతిలో పెట్టి ఖాలా ఒకటే సవాల్ అడిగింది. "బేటా, నా కొడుకు ఏం గునా చేశాడని రాశారు ఇందులో?"

ఆవిడకి చెప్పిన జవాబే ఇక్కడ రాస్తున్నాను. కోపంగా ఉంటుంది, మాఫ్ చేయండి. కానీ హైవే పక్కన బతుకుతున్న ప్రతి ఇల్లూ ఈ సంగతి తెలుసుకోవాలి. ఇవాళ మా ఇల్లు, అల్లా కాపాడాలి, రేపు ఎవరి ఇల్లో.

ముందు జరిగింది చెప్తాను. ఖాలూకి కిడ్నీలు పాడయ్యాయి. ఉద్దానంలో ఈ మాటకి వివరం అక్కర్లేదు. కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా కొబ్బరి తోటలు ఎంత మామూలో, ఈ జబ్బూ అంతే మామూలైపోయింది. ఖాలూని వారానికి రెండుసార్లు మందస మండలంలోని ఊరి నుంచి పలాసకి డయాలసిస్‌కి తీసుకెళ్లాలి. పోయేటప్పుడు ఎలాగో పోతారు. వచ్చేటప్పుడే కష్టం. డయాలసిస్ అయిన మనిషికి కళ్లు తిరుగుతాయి, కాళ్లు పట్టేస్తాయి. వెనక నుంచి ఒకరు పట్టుకోకపోతే బండి మీద కూర్చోలేడు. ఆటో మాట్లాడుకుంటే జీడి కార్ఖానాలో బాయిలర్ దగ్గర చేసిన ఒక రోజు కూలీ దానికే పోతుంది. అందుకని పెద్దోడు బండి నడిపేవాడు. ఖాలూ నడుమ. చిన్నోడు వెనక కూర్చుని అబ్బాని రెండు చేతులా పట్టుకునేవాడు.

ఆ రోజు మగ్రిబ్ అయ్యాక కాశీబుగ్గ దాటి హరిపురం వైపు వస్తున్నారు. జాతీయ రహదారి 16. ఎడమ అంచున, తమ దారిన తాము. వెనక నుంచి లారీ వచ్చి గుద్దింది. పెద్దోడు అక్కడికక్కడే పోయాడు. ఖాలూకి తొడ ఎముక విరిగింది. చిన్నోడు తుప్పల్లో ఎగిరిపడి బతికాడు. పోయినవాడికి 34 ఏళ్లు. వెనక భాభీ, ఇద్దరు పిల్లలు, మా ఖాలా.

ఇప్పుడు ఆ 30 శాతం ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. ఇన్సూరెన్సు కంపెనీ వకీల్ మూడు మాటలు అన్నాడు. బండి మీద ముగ్గురు ఉన్నారు. నడిపేవాడికి హెల్మెట్ లేదు. లైసెన్సు గడువు రెండు నెలల కిందటే అయిపోయింది. మూడూ నిజమే. మేమెవరమూ కాదనలేదు. ఆ తర్వాత చిన్నోణ్ణి బోనెక్కించి అడిగాడు. "ముగ్గురు కూర్చుంటే బండి ఊగుతుందా, ఊగదా?" వాడికి 19 ఏళ్లు. అబద్ధం ఆడటం రాదు. "కొంచెం ఊగుతాది సార్" అన్నాడు.

అంతే. ఆ రోజు ఊగిందా అని ఎవరూ అడగలేదు. ఊగితే లారీకి అడ్డం పడిందా అని అడగలేదు. లారీ డ్రైవర్‌ని గవాహికి పిలవనే లేదు. ఛార్జిషీటు ఆ డ్రైవర్ మీదే ఉంది. పోస్ట్‌మార్టం కాగితంలో ఛాతీ నలిగి చనిపోయాడని ఉంది, తలకి దెబ్బే లేదు. అయినా ఫైసలాలో ఒక పేరా: మృతుడు కూడా జాగ్రత్త పాటించలేదు గనుక 30 శాతం. ఎందుకు ముప్పై? ఇరవై ఎందుకు కాదు? సున్నా ఎందుకు కాదు? ఆ పేరా మూడుసార్లు చదివాను. లెక్క లేదు. అంకె మాత్రం ఉంది.

నేను లెక్క వేస్తాను. ట్రిబ్యునల్ అతని సంపాదన నెలకి 12,000 అని ఒప్పుకుంది. 40 ఏళ్ల లోపు సొంత కష్టం మీద బతికేవాడికి రేపటి పెరుగుదల కింద 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేఠీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 16,800 అయింది. ఏడాదికి 2,01,600. ఆధారపడ్డవాళ్లు నలుగురు, కాబట్టి అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేయాలి. 1,51,200 మిగిలింది. 34 ఏళ్ల వయసుకి 2009 నాటి సరళా వర్మ కేసు పట్టిక ప్రకారం 16తో గుణించాలి. 24,19,200. అంత్యక్రియల ఖర్చు వగైరా చిన్న పద్దులు వదిలేయండి. ఇందులో 30 శాతం అంటే 7,25,760 రూపాయలు.

ఇద్దరు యతీముల నోటి దగ్గర నుంచి లాక్కున్న మొత్తం అది. "కొంచెం ఊగుతాది" అన్న మాట ఖరీదు.

ముగ్గురు ఎక్కడం తప్పు కాదా అంటారా? తప్పే. మోటారు వాహనాల చట్టం 128వ సెక్షన్ ఒప్పుకోదు. ఆ తప్పుకి అదే చట్టం వేసే జుర్మానా వెయ్యి రూపాయలు, మూడు నెలలు లైసెన్సు రద్దు. హెల్మెట్ లేకపోతే ఇంకో వెయ్యి. లైసెన్సు లేకుండా నడిపితే ఐదు వేలు. మూడూ కలిపి ఏడు వేలు. బతికి ఉండి పోలీసుకి దొరికితే కట్టాల్సింది అది. చనిపోయి ట్రిబ్యునల్‌కి దొరికాడు కాబట్టి ఏడు లక్షల చిల్లర. ఇదెక్కడి ఇన్సాఫ్?

నియమం తప్పడం వేరు. ప్రమాదానికి కారణం కావడం వేరు. నా మాట మొత్తం ఇంతే. ఈ రెండిటినీ కలిపేసినప్పుడే బేవాల, యతీముల హక్ పోతోంది. ఇది నేను కనిపెట్టింది కాదు. సుప్రీంకోర్టు 2020 జనవరిలో మహమ్మద్ సిద్దిఖ్ కేసులో చెప్పింది. ఢిల్లీలో 23 ఏళ్ల కుర్రాడు బండి మీద వెనక కూర్చుని పోతున్నాడు. బండి మీద మొత్తం ముగ్గురు. వెనక నుంచి కారు గుద్దింది. ముగ్గురు ఉన్నారు కాబట్టి అతని తప్పూ ఉందని హైకోర్టు 10 శాతం కోసింది. తల్లిదండ్రులు సుప్రీంకోర్టుకి వెళ్లారు. ముగ్గురు ఎక్కడం చట్టం దృష్టిలో నేరమే కావచ్చు, కానీ ప్రమాదం జరగడానికో, దెబ్బ పెద్దది కావడానికో అదే కారణమని రుజువు కానిదే పరిహారం కోయడానికి వీల్లేదని తీర్పు వచ్చింది. కోత కొట్టేశారు. మా కేసుకీ దీనికీ తేడా ఎంత? అక్కడ కారు, ఇక్కడ లారీ.

లైసెన్సు సంగతీ అంతే. 2008లో సుధీర్ కుమార్ రాణా కేసులో, 2018లో దినేష్ కుమార్ కేసులో లైసెన్సు లేకపోవడం ఒక్కటే ప్రమాదంలో వాటా అయిపోదని చెప్పారు. జేబులో కాగితం గడువు తీరిందని వెనకొచ్చే లారీకి తెలుస్తుందా? హెల్మెట్ విషయంలో మాత్రం నేను గిరిగీసుకుని కూర్చోను. తలకి దెబ్బ తగిలి పోయినప్పుడు ఆ వాదనకి కొంత బలం ఉండొచ్చు. ఇంగ్లండులో సీటు బెల్టు పెట్టుకోనివాళ్ల విషయంలో 1975లో లార్డ్ డెనింగ్ ఒక కొలత పెట్టాడు. బెల్టు ఉంటే అసలు దెబ్బే తగలదని తేలితే 25 శాతం, దెబ్బ తగ్గేదని తేలితే 15, ఏ తేడా ఉండదని తేలితే సున్నా. కొలత అంటే అలా ఉండాలి. ఛాతీ నలిగి పోయినవాడికి హెల్మెట్ ఏం చేస్తుంది?

ఈ పంపకం ఎందుకు పుట్టిందో కూడా తెలుసుకోండి. 1809లో ఇంగ్లండులో ఒకడు రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టాడు. చీకటి పడే వేళ ఇంకొకడు గుర్రం మీద జోరుగా వచ్చి తగులుకుని పడ్డాడు. నువ్వూ జాగ్రత్తగా లేవు కదా అని కోర్టు అతనికి పైసా ఇప్పించలేదు. అప్పటి కానూన్ అది: నీ తప్పు కాస్త ఉన్నా మొత్తం పోయినట్టే. అది జుల్మ్ అని 1945లో వాళ్ల పార్లమెంటు మార్చింది. ఎవరి తప్పు ఎంతో అంత తగ్గించండి, మిగతాది ఇవ్వండి అంది. మన కోర్టులూ ఆ దారినే నడిచాయి. అంటే దెబ్బ తిన్నవాడికి ఏమీ దక్కని రోజుల్లో ఎంతో కొంత దక్కాలని వచ్చిన సూత్రం ఇది. ఇవాళ పూర్తిగా దక్కాల్సినవాడి దగ్గర కోసుకోవడానికి కత్తిగా వాడుతున్నారు.

ఇక మనవాళ్ల సంగతి. టెక్కలిలో జుమా నమాజ్ అయ్యాక నలుగురం కూర్చుని ఈ మాటే అనుకుంటున్నాం. ఒక పెద్దాయన, కితాబులు చదివిన మనిషి, నన్ను ఆపాడు. "మియా, హజ్రత్ అలీ (రజి.) కూడా హిస్సా తగ్గించారు కదా. కోర్టుని అంటావేంటి?" అన్నాడు.

ఆయన చెప్పిన రివాయత్ నిజమే. ముగ్గురు అమ్మాయిలు ఆడుకుంటున్నారు. ఒకమ్మాయి ఇంకో అమ్మాయి మీదికెక్కింది. మూడో అమ్మాయి కిందున్నదాన్ని గిల్లింది. అది ఎగిరింది. పైనున్నది పడి మెడ విరిగి చనిపోయింది. హజ్రత్ అలీ దియత్‌ని మూడు భాగాలు చేశారు. రెండు భాగాలు ఆ ఇద్దరి వైపు నుంచి ఇప్పించారు. మూడో భాగం రాలిపోయింది, చనిపోయిన అమ్మాయి కూడా ఆ ఆటలో ఉంది కాబట్టి.

నేను అన్నాను. "హజ్రత్, ఆ మూడో భాగం ఎందుకు రాలిందో చూడండి. మీదికి ఎక్కకపోతే ఆ పిల్ల పడేది కాదు. ఆమె ఎక్కడం ఆ మౌత్‌కి ఒక సబబ్. మా భాయ్ వెనక ఇద్దరున్నారని లారీ గుద్దిందా? ఒక్కడే ఉన్నా గుద్దేది. సైకిల్ తొక్కుకుంటూ పోతున్నా గుద్దేది."

ఇంకో మాట కూడా అన్నాను. మన హనఫీ ఫిఖాలో ఇద్దరు సవారీలు ఢీకొని ఇద్దరూ చనిపోతే ఒక్కొక్కరి దియత్ పూర్తిగా ఎదుటివాడి ఆఖిలా ఇవ్వాలి. షాఫయీలు సగమే అన్నారు, ప్రతివాడూ కొంత తన చేతా చనిపోయినట్టే కదా అని. హనఫీలు ఒప్పుకోలేదు. తన దారిన తాను పోవడం ముబా, దాన్ని అతని మీద కసూర్‌గా లెక్కపెట్టకూడదన్నారు. వందల ఏళ్ల కిందట గుర్రాల గురించి ఇంత జాగ్రత్తగా ఆలోచించారు. మనం లారీల గురించి ఆ మాత్రం ఆలోచించలేమా? పెద్దాయన కాసేపు గడ్డం నిమురుకుని, "ఈ మాటలు కోర్టులో చెప్పాల్సింది" అన్నాడు. అదే నా బాధ కూడా.

ఎందుకంటే ఆ 30 శాతంలో మన హిస్సా కూడా ఉంది. వకీల్ మీద, ట్రిబ్యునల్ మీద అరిచి ఊరుకోవడం నాకు చేతకాదు.

జనాజా అయిన పన్నెండో రోజు ఒకతను వచ్చాడు. కంపెనీ తరఫున విచారణకి వచ్చానన్నాడు. చిన్నోడు ఇంకా కట్లతోనే ఉన్నాడు. ఒక కాగితం రాసి దస్తఖత్ చేయమన్నాడు. ఇంటి పెద్దలు చాయ్ ఇచ్చి మరీ చేయించారు. ఏం రాసుందో ఎవరూ చదవలేదు. "మా బండి అదుపు తప్పిందేమో" అని ఉందట అందులో. అదే కాగితం రెండేళ్ల తర్వాత కోర్టులో బయటికొచ్చింది.

ఎవరైనా అడిగితే మనవాళ్ల నోట వచ్చే మొదటి మాట: "తక్దీర్. ముగ్గురెక్కారు, మా పిల్లాడిదీ గల్తీ ఉంది." సబర్ గొప్పదే. మౌత్‌కి వేళ రాసి ఉంటుంది, అది మన ఈమాన్. కానీ తక్దీర్ అన్న మాట అల్లా ముందు చెప్పుకునేది. ఇన్సూరెన్సు మనిషి ముందు చెప్పేది కాదు. అతను దాన్ని ఒప్పుకోలు కింద రాసుకుంటాడు.

ఇంకొందరు "ఇన్సూరెన్సు పైసా హరామ్, ముట్టుకోకూడదు" అంటారు. అన్నా, మనం పాలసీ కట్టలేదు. జూదం ఆడలేదు. లారీ ఓనర్ మన మనిషి ప్రాణానికి బాకీ పడ్డాడు. అతని తరఫున కంపెనీ కడుతోంది. గల్తీ చేసినవాడి తరఫున ఆఖిలా కట్టడం మన షరియత్‌కి కొత్త కాదు. హజ్రత్ ఉమర్ (రజి.) కాలంలో ఆ భారాన్ని దీవాన్‌లో పేర్లున్నవాళ్ల మీద పెట్టారు. ట్రిబ్యునల్ కలిపే వడ్డీ భాగం సంగతి మీ మౌల్వీ సాబ్‌ని అడగండి, ఆయన చెప్పినట్టు చేయండి. కానీ అసలు వదిలేసి, రేపు అదే పిల్లల ఫీజుకి జమాత్‌లో చందా వసూలు చేస్తారా? యతీముల హక్ వదిలేయడానికి మనమెవరం?

నిజంగా కసూర్ ఉన్నచోట నేను మాట్లాడను. తాగి నడిపినవాడు, మీడియన్ సందులోంచి చూడకుండా అడ్డంగా దూరినవాడు, లైట్లు లేకుండా రాంగ్ రూట్‌లో వచ్చినవాడు ఉన్నారు. మన కుర్రాళ్లలోనూ ఉన్నారు. వాళ్ల వల్ల ఎదుటివాళ్లు కూడా చచ్చారు. అలాంటిచోట హిస్సా తగ్గిస్తే అది ఇన్సాఫే. ఇప్పుడు మూలపేట పోర్టు పనుల లారీలు, టెక్కలి గ్రానైట్ బండలు మోసే లారీలు ఇవే రోడ్ల మీద తిరుగుతున్నాయి. బండి జాగ్రత్తగా నడపమని ఇంట్లో చెప్పడం కూడా మన జిమ్మేదారీనే. నేను కోరేది ఒక్కటే. కసూర్ అన్నవాడు రుజువు చేయాలి. ఆ తప్పుకీ ఆ మౌత్‌కీ లంకె చూపించాలి. అంకె వేస్తే అది ఎలా వచ్చిందో రాయాలి.

ఇంకో అన్యాయం చెప్పాలి. ఖాలూ కాలు విరిగిన కేసు వేరే వేశాం. దాంట్లోనూ 30 శాతం కోశారు. ఆయన బండి నడపలేదు. నడుమ కూర్చున్న రోగి. నడిపినవాడి తప్పే ఉందనుకుందాం, అది వెనక కూర్చున్నవాడి నెత్తిన ఎలా వేస్తారు? దెబ్బ తిన్నవాడిదే తప్పు ఉండటం వేరు, ఇద్దరు ముగ్గురి తప్పుల మధ్య నలిగిపోవడం వేరు. ఈ తేడాని మన ఆర్టీసీ మీద నడిచిన హేమలత కేసులోనే 2008లో సుప్రీంకోర్టు విడమరిచింది. రెండో రకంలో దెబ్బ తిన్నవాడు మొత్తం పరిహారం ఏ ఒక్కరి దగ్గరైనా రాబట్టుకోవచ్చని 2015లో ఖెన్‌యీ కేసులో తేల్చింది. డ్రైవర్ తప్పుని ప్రయాణికుల మీద రుద్దకూడదని 2024లో సుష్మా కేసులో మళ్లీ చెప్పింది. ఆ కేసులో కారు వెళ్లి, హైవే మీద ఏ హెచ్చరికా లేకుండా ఆపి ఉంచిన ట్రెయిలర్‌ని గుద్దింది. అలా చీకట్లో లారీలు ఆగి ఉండటం మన రోడ్డు మీద చూడనివాళ్లు ఎవరు?

అందుకే నా మాట వినండి. ప్రమాదం జరిగితే ఎఫ్‌ఐఆర్ కాపీ తెచ్చుకుని చదవండి, చదవడం రాకపోతే చదివించుకోండి. పోస్ట్‌మార్టం వద్దని పోలీసుల కాళ్లు పట్టుకోకండి. దఫన్ కొన్ని గంటలు ఆలస్యమవుతుంది, కానీ ఆ కాగితమే రేపు మీ తరఫున మాట్లాడుతుంది. కంపెనీ మనిషి వస్తే చాయ్ ఇవ్వండి, దస్తఖత్ ఇవ్వకండి. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు క్లెయిమ్ వేయాలని 2022 ఏప్రిల్ నుంచి చట్టంలో ఉంది. ఇద్దత్ అయ్యాక చూద్దాం అనుకుంటే అప్పటికే నాలుగు నెలల పది రోజులు పోతాయి. బేవా గడప దాటక్కర్లేదు, వకాల్తా కాగితం ఇంటికే తెప్పించి దస్తఖత్ చేయించండి. పిల్లల్ని గవాహికి పంపే ముందు ఒక్క ముక్క నేర్పండి: అడిగినదానికి ఆ రోజు జరిగింది చెప్పు, "మామూలుగా అయితే" అనే జవాబ్ ఇవ్వకు. ఇది అబద్ధం నేర్పడం కాదు. ఆ రోజు ఏం జరిగిందో అది చెప్పడమే నిజమైన గవాహి.

మా వకీల్ గారు "ఏటి సేత్తామమ్మా, వొచ్చింది పుచ్చుకోండి. హైకోర్టుకెల్తే ఏల్లు పడతాది" అన్నారు. ఆయన మంచికే అన్నారు. కానీ 173వ సెక్షన్ కింద 90 రోజుల్లో అప్పీలు వేసుకోవచ్చు. మనం అప్పీలు వేసినంత మాత్రాన వచ్చిన 70 శాతం ఆగదు. ఏళ్లు పడితే పడనీ. భాభీ మొదట వద్దంది. "ఆయన పేరు మళ్లీ కోర్టులో లాగొద్దు భాయ్" అంది. పిల్లలకి దక్కాల్సిన ఏడు లక్షల సంగతి చెప్పాను, ఊరుకుంది. మహమ్మద్ సిద్దిఖ్ కేసులో ఆ తల్లిదండ్రుల సంగతి చెప్పాను. అప్పుడు అడిగింది, "అంటే ఆయన తప్పు లేదని రాస్తారా?" అని.

రాస్తారని హామీ ఇవ్వలేను. రాయమని అడగడం మన హక్ అని చెప్పాను. వచ్చే సోమవారం నకళ్లు తీసుకుని బయల్దేరుతున్నాం. చిన్నోడు కూడా వస్తానన్నాడు. ఆ "కొంచెం ఊగుతాది" అన్న మాట వాడిని ఇంకా నిద్రపోనివ్వడం లేదు. వాడి కోసం, వాడి అన్న కోసం దువా చేయండి.